వెనక నుంచి వచ్చే సేబర్‌ని మిగ్‌-15 చెవితో పట్టుకున్న తీరు: ఒక కేస్ స్టడీ

కొరియా యుద్ధంలో సోవియట్ తయారీ ఫైటర్ జెట్ మిగ్‌-15 పైలట్లకు వచ్చిపడ్డ ఒక ఇబ్బంది, దానికి విరుగుడుగా వాదిమ్ మాత్స్కెవిచ్ అనే సోవియట్ ఇంజినీరు తయారుచేసిన ఒక చిన్న రిసీవర్, ఈ రెండూ కలిపి ఒక కేసుగా రాస్తున్నాను. ఆ రిసీవర్ పేరు సిరేనా. నేను చాలా ఏళ్లు విమానాల్లో ఉండే రాడార్ వార్నింగ్ రిసీవర్లు, అంటే ఎదుటివాడి రాడార్ మన మీద పడితే హెచ్చరించే సెట్లు, విప్పి, సరిచేసి, మళ్లీ బిగించే పని చేశాను. ఇప్పుడు వాడుకలో ఉన్న సెట్ల గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను, రాయకూడదు కూడా. కానీ 1950ల నాటి ఈ డబ్బా గురించి మాట్లాడుకోవడానికి ఏ అడ్డూ లేదు. పైగా ఈ ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలకి మొదట చెప్పాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం, ఎందుకంటే తర్వాత వచ్చిన సెట్లలో ఎన్ని హంగులు చేరినా అడుగున ఉన్న ఆలోచన ఇదే.

ముందు సమస్య. 1950 నవంబర్ 1న కొరియా ఆకాశంలో మిగ్‌-15లు మొదటిసారి కనపడ్డాయి. అప్పటిదాకా అక్కడ ఎగురుతున్న అమెరికన్ విమానాలేవీ దానికి సాటి రాలేదు. అమెరికన్లు అదే ఏడాది డిసెంబర్‌కల్లా ఎఫ్‌-86 సేబర్‌లని తెచ్చి దించారు, డిసెంబర్ 17న ఒక సేబర్ మొదటి మిగ్‌ని కూల్చింది. ఆ తర్వాత చైనా సరిహద్దులోని యాలూ నది పక్కన, మిగ్ ఆలీ అని అందరూ పిలిచే ఆ మూలలో, రెండు విమానాలూ రెండున్నరేళ్లకు పైగా తలపడ్డాయి. పైకి ఎక్కడంలో మిగ్‌ది పైచేయి. ఒక 37 మిల్లీమీటర్ల ఫిరంగి, రెండు 23 మిల్లీమీటర్ల ఫిరంగులు ఉండేవి, నాలుగు గుళ్లు తగిలినా అవతలి విమానం పని అయిపోయినట్టే. సేబర్‌లో ఆరు మెషిన్ గన్‌లు, అరంగుళం తూటాలు. కాగితం మీద చూస్తే మిగ్‌దే పైచేయి. అయితే సేబర్‌లో వేరే సంగతి ఒకటి ఉంది, గురి చూసే సామాను.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే గురి సంగతి అర్థం కాకపోతే సిరేనా ఎందుకు పుట్టిందో అర్థం కాదు.

తిరుగుతున్న విమానాన్ని కొట్టాలంటే అది ఇప్పుడున్న చోటికి కాల్చకూడదు, తూటా చేరేసరికి అది ఎక్కడ ఉంటుందో అక్కడికి కాల్చాలి. ఎనిమిది వందల మీటర్ల దూరం ఉంటే తూటాకి దగ్గర దగ్గర ఒక సెకను పడుతుంది. ఎదుటివాడు 4 జీ మలుపులో (అంటే ఒంటి బరువు నాలుగు రెట్లయ్యే మలుపులో) ఉంటే ఆ ఒక్క సెకనులో తన సూటి దారి నుంచి సుమారు 20 మీటర్లు పక్కకి జరుగుతాడు. మిగ్‌-15 పొడవే 10 మీటర్లు. అంటే దూరం లెక్కలో తప్పు పడితే గుళ్లన్నీ ఖాళీ గాలిలోకి పోతాయి. మిగ్‌లో ఉన్న గురి పరికరం జైరో సైట్‌కి కూడా ఈ లెక్క కట్టడం వచ్చు, కాకపోతే దూరం ఎంతో పైలటే చెప్పాలి. శత్రు విమానం రెక్కల పొడవు ముందుగా సెట్ చేసుకుని, అద్దం మీద కనపడే వలయం సరిగ్గా ఆ రెక్కల అంచులకి తగిలేలా థ్రాటిల్ పిడిని మెలితిప్పుతూ ఉండాలి. నాలుగు జీల బరువు మీద పడి చెయ్యే పైకి లేవని స్థితిలో ఈ మెలితిప్పుడు ఎంత కచ్చితంగా కుదురుతుందో ఊహించుకోండి. సేబర్‌లో ఏ-1సీఎం అనే సైట్, దానికి జతగా ఏఎన్‌/ఏపీజీ-30 అనే చిన్న రాడార్ వచ్చాయి. ఆ రాడార్ యాంటెన్నా ముక్కు దగ్గర, గాలి పీల్చే నోటి పై పెదవిలో ఉంటుంది. అది వెతికే రాడార్ కాదు, బొమ్మ చూపించదు. ముక్కు ఎటు ఉంటే అటు ఒక వెడల్పాటి కిరణం వేసి, ఎదురుగా ఉన్నది ఎంత దూరంలో ఉందో సైట్‌కి చెబుతుంది, అంతే దాని పని. పైలట్ చుక్కని లక్ష్యం మీద పెట్టి ట్రిగ్గర్ నొక్కితే చాలు.

నిజం చెప్పాలంటే ఆ రాడార్ మొదట్లో చాలా మొరాయించింది, పాతకాపు పైలట్లలో కొందరు దాన్ని నమ్మలేదు. నేలకి దగ్గరగా వెళ్తే నేల నుంచి వచ్చే ప్రతిధ్వనులతో తికమకపడేది. అయినా పనిచేసిన రోజున మాత్రం మిగ్ పైలట్‌కి అది పెద్ద ఆపదే. తన మీద గురి పెట్టారన్న సంగతి గుళ్లు తగిలేదాకా తెలియదు. ప్రతి కొద్ది సెకన్లకీ తల వెనక్కి తిప్పి చూస్తూ ఉండాలి. కనోపీ, అంటే కాక్‌పిట్ మీది అద్దపు కప్పు, లోంచి వెనక ఎంతో కొంత కనిపిస్తుంది కానీ తోక అడుగున ఉన్నది కనిపించదు. సీటు బెల్టులు, ఆక్సిజన్ మాస్కు, మలుపు తిరిగేటప్పుడు మెడ మీద పడే బరువు, ఇవన్నీ భరిస్తూ తిప్పాలి. తర్వాత వచ్చిన మిగ్‌-17ల మీద వెనక చూడటానికి చిన్న పెరిస్కోప్ పెట్టారంటేనే ఈ బాధ ఎంత పాతదో తెలుస్తుంది.

ఇక పరిష్కారం కోసం అప్పటికి ఎవరి దగ్గర ఏముందో చూద్దాం.

తోక వెనక ఏముందో చెప్పే సామాను రెండో ప్రపంచయుద్ధం నుంచే ఉంది, చాలా మటుకు తోకలో కూడా ఒక చిన్న రాడార్ పెట్టే పద్ధతి. అమెరికన్ ముస్టాంగ్, థండర్‌బోల్ట్ ఫైటర్లలో ఏఎన్‌/ఏపీఎస్‌-13 అనే సెట్ ఉండేది. వెనక ఏదైనా విమానం వస్తే కాక్‌పిట్‌లో ఎర్ర దీపం వెలిగి, గంట మోగేది. (ఇదే సెట్‌ని మార్చి, నేల నుంచి ఎత్తు కొలిచే పరికరంగా హిరోషిమా బాంబులో పెట్టారు. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజున నాకు అన్నం సహించలేదు.) బ్రిటిష్ బాంబర్లలో మోనికా అని ఒకటి ఉండేది. అదీ వెనక్కి పల్సులు (చిన్న చిన్న రేడియో తరంగపు ముక్కలు) పంపే రాడారే. జర్మన్లు దాన్ని పట్టేసుకున్నారు. ఫ్లెన్స్‌బుర్గ్ అనే రిసీవర్‌ని తమ రాత్రి ఫైటర్లకి బిగించి, మోనికా పంపే సిగ్నల్ వెంటబడి నేరుగా బాంబర్ తోక దగ్గరికి వచ్చేవారు. 1944 జులై 13న అలాంటి ఒక జర్మన్ ఫైటర్, యూంకర్స్‌-88 దారి తప్పి ఇంగ్లండ్‌లోని వుడ్‌బ్రిడ్జ్‌లో దిగిపోయింది, దాన్ని విప్పి చూసేదాకా బ్రిటిష్ వాళ్లకి ఈ సంగతి తేలలేదు. ఆ వెంటనే మోనికాని పీకేశారు. చీకట్లో దొంగ కోసం టార్చిలైటు వేసుకుని తిరిగితే ముందు మనమే దొంగకి కనపడతాం. మోనికా ఉన్న బాంబర్లలో కూర్చున్న కుర్రాళ్లు తమని కాపాడుతోందనుకున్న పెట్టే తమ జాడ చెబుతోందని తెలియకుండానే పోయారు. నా వృత్తిలో నన్ను ఎక్కువగా కలచివేసే చరిత్ర ఇది.

రెండో పద్ధతి, ఏమీ పంపకుండా ఊరికే వినడం. బ్రిటిష్ వాళ్లే బూజర్ అనే సెట్‌తో దీన్ని కూడా ప్రయత్నించారు. జర్మన్ రాడార్ కిరణం మీద పడితే దీపం వెలిగేది. కానీ వందల బాంబర్లు గుంపుగా వెళ్లే రాత్రి, చుట్టూ పదుల కొద్దీ రాడార్లు ఉన్న ఆకాశంలో, ఆ దీపం వెలుగుతూనే ఉండేది. ఎప్పుడూ వెలిగే దీపాన్ని ఎవరూ పట్టించుకోరు.

కొరియాలో సోవియట్ వాళ్ల ముందు కూడా ఈ ప్రశ్నే నిలబడింది. తోక రక్షణ కోసం అప్పటికి ఆలోచనలో ఉన్న సామాను బాంబర్ మోయగలిగే బరువు, మిగ్‌-15 లాంటి చిన్న ఫైటర్‌లో దానికి చోటే లేదు. ఖాళీ విమానమే మూడున్నర టన్నుల చిల్లర. అందులో ఎంత బరువు పెంచితే పైకి ఎక్కే బలం అంత తగ్గుతుంది, మిగ్‌కి ఉన్న పెద్ద ఆధిక్యమూ అదే. మాత్స్కెవిచ్ చేసిందల్లా ప్రశ్నని చిన్నది చేయడం. వెనక ఏ విమానం ఉంది, ఎంత దూరంలో ఉంది, ఏ వేగంతో వస్తోంది అని అడగలేదు. సేబర్ గురి పెట్టిందా లేదా అన్నది ఒక్కటే అడిగాడు. గురి పెట్టాలంటే సేబర్ తన మూడు సెంటీమీటర్ల రాడార్‌ని వెయ్యాలి. ఆ కిరణం ముక్కు ఉన్న వైపే వెళ్తుంది. అంటే నా మీద ముక్కు పెట్టిన సేబర్ మాత్రమే నాకు వినపడుతుంది. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు కూర్చుని ఆలోచించాల్సిన పని లేకుండా పిల్లే గంట కట్టుకుని వస్తోంది, వినడానికి చెవి ఉంటే చాలు. బూజర్ ఎక్కడ దెబ్బతిందో సిరేనా సరిగ్గా అక్కడే గట్టిగా నిలబడింది. బూజర్ వింటున్న రాడార్ల కిరణాలు ఎవరి మీద పడితే వాళ్ల మీద పడేవి, ఇక్కడి రాడార్ మాత్రం చంపబోయే విమానం మీదే పడుతుంది.

ఇప్పుడు నా లెక్క. నేను కొన్ని అంకెలు ఊహించుకుని కట్టాను, అసలు సెట్ కొలతలు కావివి, కానీ ఆ తరగతి రాడార్‌కి దగ్గరగానే ఉంటాయి. రాడార్ పల్స్ పవర్ 5 కిలోవాట్లు, యాంటెన్నా గెయిన్, అంటే కిరణాన్ని ఒక వైపు పోగుచేసే బలం, 15 డీబీ (డెసిబెల్; ప్రతి 10 డీబీకి పది రెట్లు), తరంగదైర్ఘ్యం సుమారు 3.2 సెంటీమీటర్లు అనుకోండి. మిగ్ తోకలో 8 డీబీ గెయిన్ ఉన్న చిన్న హార్న్ (బాకా ఆకారపు యాంటెన్నా) పెట్టాం. సేబర్ 3 కిలోమీటర్ల దూరంలో ఉంటే మిగ్ రిసీవర్‌కి చేరే సిగ్నల్ సుమారు మైనస్ 31 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డీబీ). అదే సేబర్‌కి తన సొంత ప్రతిధ్వని మిగ్ మీద తగిలి తిరిగి చేరేటప్పటికి, మిగ్ ప్రతిబింబ వైశాల్యం 2 చదరపు మీటర్లు అనుకుంటే, మైనస్ 102 డీబీఎం దగ్గరికి పడిపోతుంది. తేడా 70 డీబీ పైచిలుకు. మామూలు భాషలో కోటి రెట్లు. సేబర్‌కి అందే దానికంటే కోటి రెట్లు బలమైన సిగ్నల్ మిగ్‌కి అందుతోంది, ఎందుకంటే సేబర్ తరంగం పోయి రావాలి, మిగ్‌కి అది వస్తే చాలు. రాడార్‌కి దూరం రెట్టింపైతే పదహారో వంతు మిగులుతుంది, వినేవాడికి నాలుగో వంతు మిగులుతుంది.

ఈ కోటి రెట్లే బరువు సమస్యని తీర్చేసింది. మైనస్ 102ని పట్టుకోవాలంటే క్లైస్ట్రాన్ (మైక్రోవేవ్ తరంగం పుట్టించే ట్యూబు) కావాలి, దాన్ని వచ్చిన సిగ్నల్‌తో కలిపే మిక్సర్ కావాలి, దాని వెనక యాంప్లిఫయర్లు వరసగా కావాలి, వాటన్నిటికీ పవర్ సప్లై కావాలి. మైనస్ 31 అయితే ఒక డయోడ్ చాలు. హార్న్ చివర స్ఫటిక డయోడ్ పెట్టు, అది పల్సుని నేరుగా వోల్టేజిగా మారుస్తుంది, దాని వెనక మామూలు రేడియోలో ఉండే లాంటి చిన్న ట్యూబుల యాంప్లిఫయర్ పెట్టు, పని అయిపోతుంది. ఇలాంటి డయోడ్ రిసీవర్ మైనస్ 40 దాటి ఇంకాస్త కింది దాకా వినగలదు, అంటే నా లెక్కలో పది కిలోమీటర్ల దాకా. సేబర్ మనకంటే సెకనుకి వంద మీటర్లు ఎక్కువ వేగంతో వస్తున్నా, పది కిలోమీటర్ల నుంచి ఒక కిలోమీటరుకి చేరడానికి తొంభై సెకన్లు పడుతుంది. మెడ తిప్పి చూసుకునే మనిషికి తొంభై సెకన్లంటే చాలా ఎక్కువ.

ఇంకో అందమైన సంగతి ఉంది. ఇలాంటి రాడార్ సెకనుకి కొన్ని వందల నుంచి కొన్ని వేల పల్సులు పంపుతుంది. అది సరిగ్గా మనిషి చెవికి వినపడే శ్రుతి. కాబట్టి డిస్‌ప్లే అక్కర్లేదు. పల్సులనే హెడ్‌ఫోన్‌లోకి పంపితే జోరీగ లాంటి మోత వస్తుంది. పైలట్ కళ్లు బయట ఉంటాయి, చెవి ఖాళీగా ఉంటుంది. సేబర్ దగ్గరపడే కొద్దీ మోత పెరుగుతుంది, ముక్కు పక్కకి తిప్పితే తగ్గిపోతుంది. మలుపు మొదలుపెట్టిన పైలట్‌కి ఆ మలుపు ఫలించిందో లేదో కూడా ఆ మోతే చెబుతుంది. ఎంత తక్కువ సామానుతో ఎంత పని!

చదివి వదిలేయలేక ఇంట్లో ఒకసారి చేసి చూశాను. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో హెచ్‌బీ100 అనే మాడ్యూల్ దొరుకుతుంది, ఆటోమేటిక్ తలుపుల్లో మనిషి కదలికని పట్టడానికి వాడేది, 10.525 గిగాహెర్ట్జ్. ఇది కూడా మూడు సెంటీమీటర్ల దగ్గరి తరంగమే. దాని కరెంటుని సెకనుకి వెయ్యిసార్లు ఆపుతూ ఇస్తూ ఉండేలా ఒక చిన్న సర్క్యూట్ కట్టి, స్టూలు మీద పెట్టాను. ఇటు నా దగ్గరున్న పాత వేవ్‌గైడ్ ముక్క, తరంగాన్ని మోసే 22.86 మిల్లీమీటర్ల వెడల్పు లోహపు గొట్టం, దానికి ఒక హార్న్, లోపల ఒక 1ఎన్‌23 డయోడ్. ఈ డయోడ్ గురించి ఒక మాట. ఇది సన్నటి లోహపు తీగ మొన సిలికాన్ ముక్కకి ఆనుకుని ఉండే రకం, చాలా సున్నితం, చేతిలోని స్టాటిక్ కరెంటుకే పోతుంది. అందుకే సీసం రేకులో చుట్టి ఇచ్చేవారు. రేకు విప్పే ముందు ఒక చేత్తో వేవ్‌గైడ్‌ని ముట్టుకుని ఉండాలని మా సీనియర్ ఒకాయన మొదటి రోజే నేర్పించారు, ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. డయోడ్ వెనక ఒక ఆడియో యాంప్లిఫయర్, ఇయర్‌ఫోన్.

రెండు మీటర్ల దూరంలో పెట్టి ఆన్ చేశాను. సన్నటి ఈల లాంటి మోత స్పష్టంగా వచ్చింది. లెక్కలో చూస్తే ఈ రెండు మీటర్ల దగ్గర నా డయోడ్‌కి అందేది కూడా మైనస్ 31 డీబీఎం చుట్టుపక్కలే, అంటే 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న సేబర్‌తో సమానం. మా హాలు ఏడు మీటర్లు. ఆ చివరికి జరిపితే పది కిలోమీటర్ల సేబర్ అన్నమాట. అక్కడ మోత బాగా బలహీనపడింది, ఫ్యాన్ ఆపితే గానీ వినపడలేదు. జెట్ ఇంజిన్ రొదలో ఇంత సన్నటి మోత పనికిరాదు, కాబట్టి అసలు సెట్‌లో యాంప్లిఫయర్ బాగా గట్టిది ఉండి తీరాలని అప్పుడు అర్థమైంది. తర్వాత హార్న్‌ని మెల్లగా పక్కకి తిప్పాను, అంటే వేవ్‌గైడ్‌ని తన అక్షం మీదే తొంభై డిగ్రీలు. మోత పూర్తిగా ఆగిపోయింది. మాడ్యూల్ అక్కడే ఉంది, దూరం అంతే, కానీ తరంగం నిలువు, నా హార్న్ అడ్డం. గాలిలో కొట్లాడుకునే రెండు విమానాలూ ఎప్పుడూ ఒకే వాలులో ఉండవు. ఒకటి రెక్క దించితే ఇంకొకటి ఎత్తుతుంది. అందుకే ఇలాంటి యాంటెన్నాని 45 డిగ్రీల వాలులో పెట్టడమో, తర్వాతి కాలంలో లాగా స్పైరల్ యాంటెన్నా వాడటమో చేస్తారు. నిలువు, అడ్డం రెండింటిలోనూ సగం సిగ్నల్ పోతుంది కానీ ఏదో ఒక వాలులో మొత్తం చెవుడు రావడం చాలా మటుకు తప్పుతుంది.

పక్కింటి అబ్బాయి బీటెక్ చదువుతున్నాడు, వచ్చి చూశాడు. "అంకుల్, ఇంత సింపులా? దీనికి డిజైన్ ఏముంది ఇందులో?" అన్నాడు.

"అయితే అసలు రాడార్ పల్సులా పొట్టిగా, అర మైక్రోసెకను చేసి చూద్దాం రా," అన్నాను. తలుపు మాడ్యూల్‌తో అంత పొట్టి పల్స్ రాదు, నా పాత సిగ్నల్ జనరేటర్‌కి పల్స్ మాడ్యులేటర్ తగిలించి ఇచ్చాను. సెకనుకి అదే వెయ్యి పల్సులు, కానీ ఒక్కొక్కటి అర మైక్రోసెకను. మోత మాయమైంది. వెయ్యి మైక్రోసెకన్లలో అర మైక్రోసెకను మాత్రమే సిగ్నల్ ఉంటే, చెవికి చేరే శక్తి రెండువేలో వంతు. "ఏదీ, ఏం వినపడట్లేదు అంకుల్," అన్నాడు. అప్పుడు డయోడ్ వెనక వెడల్పాటి బ్యాండ్ ఉన్న యాంప్లిఫయర్ పెట్టి, దాని తర్వాత ఇంకో డయోడ్, ఒక కెపాసిటర్, పక్కన రెసిస్టర్ పెట్టాను. పల్స్ రాగానే కెపాసిటర్ గబుక్కున నిండుతుంది, తర్వాత మెల్లగా ఖాళీ అవుతుంది. అర మైక్రోసెకను కాస్తా కొన్ని వందల మైక్రోసెకన్లకి సాగుతుంది. మోత తిరిగొచ్చింది. అబ్బాయి ఆ కెపాసిటర్‌ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఇలాంటి సెట్ పనిచేసేదీ పనిచేయనిదీ తేల్చేది ఆ చిన్న ముక్కే. బయటి నుంచి చూసేవాళ్లకి అది కనపడదు.

సెట్లు కొరియాకి వెళ్లాయి, పైలట్లకి ఉపయోగపడ్డాయి, తర్వాత వందల్లో తయారయ్యాయి. అదే పేరుతో సిరేనా-2 మిగ్‌-17 మొదలుకుని మిగ్‌-21 దాకా వెళ్లింది. నేను ఇక్కడ కూలిన విమానాల లెక్కలు పెట్టను. ఆ యుద్ధంలో రెండు పక్షాలూ చెప్పుకున్న అంకెలు ఒకదానికొకటి పొసగవు, ఒక్క పరికరం వల్ల ఎంతమంది బతికారో వాటి నుంచి తీయడం కుదిరే పని కాదు. ఇంజినీరుగా నాకు కావాల్సింది అది ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నదే.

చేయలేనివి చాలా ఉన్నాయి. రాడార్ లేని పాత సైట్‌తో వచ్చిన సేబర్ దానికి అసలు వినపడదు. రాడార్ ఉన్నా పైలట్ దాన్ని ఆపేసి చేత్తో దూరం సెట్ చేసుకుంటే వినపడదు. దిక్కు చెప్పదు, వెనక ఎక్కడో అంటుంది అంతే. వచ్చేది ఒకరా ముగ్గురా చెప్పదు. పక్క మిగ్ మీద గురి పెట్టిన సేబర్ కిరణం వెడల్పుగా ఉంటుంది కాబట్టి నా తోక మీద కూడా కాస్త పడుతుంది, అప్పుడు నేను ఊరికే మలుపు తిరిగి నా జతగాణ్ణి ఒంటరిగా వదిలేయొచ్చు. తోక అడుగు నుంచి వచ్చేవాడికి విమానం ఒళ్లే అడ్డం పడుతుంది. ఇవేవీ డిజైన్ తప్పులు కావు, ప్రశ్నని చిన్నది చేసినందుకు చెల్లించిన వెల. ఆ వెల ఎంతో పైలట్‌కి కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పకుండా డబ్బా బిగించి పంపితే, మోత లేదు కాబట్టి వెనక ఎవరూ లేరనుకుంటాడు.

1965 జులై 24న వియత్నాంలో నేల నుంచి పేల్చే సోవియట్ ఎస్‌-75 క్షిపణి ఒక అమెరికన్ ఫైటర్ ఎఫ్‌-4ని కూల్చాక అమెరికన్లకీ ఇదే అవసరం పడింది, ఈసారి నేల మీది రాడార్ నుంచి. ఏపీఆర్‌-25 అనే సెట్‌ని ముందు ఎఫ్‌-100ఎఫ్‌లకి బిగించారు. నాలుగు వైపులా నాలుగు యాంటెన్నాలు, నాలుగింటి బలాన్ని పోల్చి గుండ్రటి తెర మీద ఒక గీతగా దిక్కు చూపించేది. ఆ ఏడాది డిసెంబర్ 22న ఒక క్షిపణి స్థావరాన్ని వెతికి పట్టుకుని నాశనం చేశారు. దాంట్లో కూడా ప్రతి యాంటెన్నా వెనక ఉన్నది అదే డయోడ్ రిసీవర్. పద్నాలుగు పదిహేనేళ్ల తర్వాత, సముద్రం అవతల, వేరే దేశం చేతిలో.

మన వైపు కథ మిగ్‌-21తో మొదలవుతుంది. 1963లో మన వైమానిక దళానికి మొదటివి వచ్చాయి, 1965లో వాటి ఏవియానిక్స్ కోసమే హైదరాబాద్‌లో హెచ్‌ఏఎల్ డివిజన్ పెట్టారు. బాలానగర్ వైపు చాలా ఇళ్లలో ఇలాంటి పెట్టెలు విప్పి బిగించిన చేతులు ఉన్నాయి. చాంద్రాయణగుట్టలో రక్షణ శాఖ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాలయం డీఎల్‌ఆర్‌ఎల్ అంతకుముందే, 1961 నుంచి ఉంది. సిరేనా అనే రష్యన్ మాట ఈ ఊళ్లో చాలామంది టెక్నీషియన్ల నోట నానిందే.

నా పనిలో నాకు ఎదురైన ఒక సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఈ కేసు నాకు దాని వల్లే ముఖ్యమైంది. ఒక ఎయిర్‌బేస్‌లో పాత రకం హెచ్చరిక సెట్ ఉన్న ఒక విమానం తిరిగొచ్చాక పైలట్, "ఈ రోజు సెట్ చాలా ప్రశాంతంగా ఉంది," అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు, మెచ్చుకుంటున్నట్టు అన్నాడు. ఆ రోజు ఎక్సర్‌సైజ్‌లో అతని వెనక ఇంకో ఫైటర్ రాడార్ వేసుకుని చాలాసేపు ఉందని నాకు తెలుసు. కాక్‌పిట్‌లోకి వెళ్లి టెస్ట్ బటన్ నొక్కాను. దీపాలు వెలిగాయి, హెడ్‌ఫోన్‌లో మోత వచ్చింది, అంతా బాగున్నట్టే. లాగ్‌బుక్‌లో అంతకుముందు మూడుసార్లు కూడా 'టెస్ట్ సరిగా ఉంది' అనే రాసి ఉంది. ఆ బటన్ చేసేదల్లా యాంప్లిఫయర్‌లోకి ఒక కల్పిత పల్సుని ఎక్కించడం. యాంటెన్నా, కేబుల్, డయోడ్ ఆ బటన్‌కి అవతల ఉంటాయి. తోక దగ్గర కవర్ తీసి చూస్తే ఎడమ వైపు డయోడ్ చచ్చిపోయి ఉంది. కుడి వైపు కేబుల్ కనెక్టర్‌లో నీటి తడి, లోపలి పిన్ మీద పచ్చటి తుప్పు. ఎడమ డయోడ్ ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. హ్యాంగర్ ముందు ఇంకో విమానం రాడార్ ఆన్ చేసి పరీక్షిస్తున్నప్పుడు ఈ తోక దాని ఎదురుగా ఉండి ఉంటుందని నా అనుమానం. దగ్గర నుంచి పడే అంత పవర్‌ని ఆ సన్నటి మొన తట్టుకోలేదు.

ఆ విమానం ఆ చెవుడుతో ఎన్నిసార్లు ఎగిరిందోనన్న ఆలోచనతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే షిఫ్ట్ ఇన్‌చార్జిని అడిగి, చేత్తో పట్టుకుని తిరగగలిగే చిన్న మూడు సెంటీమీటర్ల సోర్స్ ఒకటి లైన్ మీదకి తెప్పించుకున్నాను. అప్పటి నుంచి మా పద్ధతి మారింది. ఒకడు కాక్‌పిట్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటాడు. ఇంకొకడు నిచ్చెన ఎక్కి తోక వెనక నిలబడి సోర్స్ పట్టుకుని మెల్లగా ఎడమ నుంచి కుడికి, ఆ తర్వాత కింద నుంచి పైకి తిప్పుతాడు, ఒకసారి నిలువుగా పట్టుకుని, ఒకసారి అడ్డంగా పట్టుకుని. కాక్‌పిట్‌లో ఉన్నవాడు మోత వచ్చినంతసేపూ చెయ్యి పైకెత్తి ఉంచాలి, ఆగిన క్షణాన దించాలి. చెయ్యి ఎక్కడ దిగిందో నిచ్చెన మీది వాడు సుద్దముక్కతో తోక మీద గుర్తు పెడతాడు. మొదటి వారంలో ఆ లైన్ మీద పరీక్షించిన విమానాల్లో ఇంకో రెండింటి తోకల మీద, చెయ్యి దిగకూడని చోట సుద్ద గుర్తులు పడ్డాయి.